శీతకాలపు జ్వరమును, ఇంటి యిల్లాలును

మదనపల్లె సీమలో పుష్యమాసము తలుపులు మూయు మాసము. మదనపల్లె పట్టణము సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు మించిన యెత్తున నున్నది. దానికి సమీపమున హార్సిలీ కొండలు నాలుగువేల యడుగుల వరకు లేచియున్నవి. అందుచే కోస్తా జిల్లాల సోదరీమణులెరుగని చలి యా ప్రాంతమున పడును. పెద్దమండ్యము, తంబళ్లపల్లె, ములకలచెరువు మొదలగు మండలముల గ్రామములలో ప్రొద్దు గ్రుంకకమునుపే పశువులను కొట్టమున కట్టి, వాకిలి బిగించి, కిటికీలకు గోనెపట్టలు కట్టి, ఇంటిల్లపాదియు నొక్క నడవలో కంబళ్లు కప్పుకొని పండుకొందురు. పిల్లలు, ముసలివారు, చూలాలు, నిన్న బస్సు దిగివచ్చిన చుట్టము, అందరును తెల్లవారువరకు నొకరి యూపిరి నొకరు పీల్చుకొనుచుందురు. చలినుండి కాపాడుకొనుటకై మనము చేయు నీ యేర్పాటే చలికాలపు జ్వరమునకు పీట వేయుచున్నది.

రెండేండ్ల క్రిందట సంక్రాంతికి నేను పెద్దమండ్యములోని మా మేనత్తగారింటికి పోయియుంటిని. భోగికి ముందుదినమున ఎనిమిదేండ్ల మనుమడు బడినుండి వచ్చి, పుస్తకముల సంచి మూలకు విసరి, ఒళ్లంతయు నొప్పులని పండుకొనెను. దీపములు పెట్టువేళకు వాని యొళ్లు కాలిపోవుచుండెను. మూడవనాటికి వాని చెల్లెలు, నాలుగవనాటికి మా మామగారు మంచము పట్టిరి. ఇంటి కోడలు అప్పటికి ఆరుమాసముల గర్భవతి. పగలు వంట, రాత్రి జాగరణము; తడిగుడ్డలు వేయుట, ముక్కులు తుడుచుట, పిల్లలు త్రాగలేక విడిచిన జావ పారవేయ మనసొప్పక తానే త్రాగుట, అన్నియు నామెవే. అయిదవనాడు ఆమె కన్నులెఱ్ఱబడి పొయ్యి ముందర వణకుచుండగా చూచి, "నువ్వు పోయి పండుకో అమ్మా" అంటిని. "నేను పండుకుంటే పొయ్యి ఎవురు ముట్టిస్తారక్కా?" అని యామె నవ్వెను.

ఆ ప్రశ్నకు ఆ యింట మా యెవరియొద్దను జవాబు లేకపోయెను. నేను పోయి పొయ్యి దగ్గర కూర్చుంటిని గాని అప్పటికే జాగైనది. రెండు దినములు జ్వరము దిగినట్లే దిగి, మూడవనాడు మరల లేచెను. నాలుగు మాటలు కలిపి యాడుటకు ఊపిరి చాలకుండెను. 108 బండిలో మదనపల్లెకు తీసికొనిపోగా, ఊపిరితిత్తులకు న్యుమోనియా సోకినదని వైద్యులు చెప్పిరి. తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండి యామె గండము గడచెను. చైత్రమున కుశలముగా కాన్పయ్యెను. పిల్లలకును, ముసలాయనకును వచ్చిన జ్వరము వారము దినములలో పోయినది. వారికి ఉపచారము చేసిన యామెకు వచ్చినదే ప్రాణముమీదికి తెచ్చినది. ఇది మా యింటి దురదృష్టమని అప్పుడనుకొంటిమి. కాని యిది నూరేండ్ల నాడే మన దేశమున లెక్కలతో తేలిన సంగతియని నేను పిదప చదివి తెలిసికొంటిని.

1918వ సంవత్సరము జూను మాసమున ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవున దిగెను. తొలివిడత అంత తీవ్రముగా లేదు. సెప్టెంబరునుండి వచ్చిన రెండవవిడతయే ప్రళయము. సైనికులతోను, కూలీలతోను, రైలుబండ్లవెంట అది పట్టణమునుండి పట్టణమునకు, పట్టణమునుండి పల్లెకు ప్రాకెను. ఆ యేడే వానలు తప్పినవి. తిండిగింజల ధరలు పేదల చేతికందకుండ పోయినవి. ఆకలితో నున్న జనుల మీదికి జ్వరము వచ్చిపడెను. దేశమంతటను పోయిన ప్రాణములు ఒక కోటి యిరువది లక్షలకు తక్కువ గాదని కొందరును, రెండు కోట్లవరకు నుండునని కొందరును లెక్కకట్టియున్నారు. 1911 నుండి 1921 వరకు గల పదియేండ్లలో హిందూదేశపు జనసంఖ్య పెరుగుటకు మారుగా కొంచెము తగ్గినది. జనాభా లెక్కలు ఆరంభమైన పిదప అట్లు తగ్గిన దశాబ్దము అదియొక్కటియే. పశ్చిమభాగమున పడినంత దెబ్బ మన చెన్నరాజధానిపై పడలేదు గాని, మనవారును తప్పించుకొనలేదు.

అమెరికావంటి దేశములలో నాడు పురుషులే యెక్కువగా చనిపోగా, మన దేశమున స్త్రీలు ఎక్కువగా చనిపోయిరి. అందును ముసలివారు గారు. ఇరువది మొదలు నలువది యేండ్ల లోపలివారు, అనగా చేతిలో బిడ్డలున్న తల్లులు. ఆ కాలపు అధికారులును, తరువాతి చరిత్రకారులును దీనికి చెప్పిన హేతువులు మూడు. స్త్రీలు గాలి చొరని యిండ్లలో నెక్కువకాల ముందురు. ఇంటిలో నెవరికి జబ్బు చేసినను వారి ప్రక్క కూర్చుండువారు స్త్రీలే. తమకు జ్వరము తగిలినను పని మానరు. మూడవది, చివర భుజించువారు వారే గనుక కరవుకాలమున వారి యాకు నందు మిగులునది తక్కువ. సోదరీమణులారా, ఈ మూడింటిలో నేది నేటికి మన యిండ్లనుండి పూర్తిగా పోయినదో మీరే చెప్పుడు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది దీనికి సంబంధించినదే: ఇంటిలోనివారిని కాపాడు చేతులను ముందుగా కాపాడుకొనవలెను.

ఇన్‌ఫ్లుయెంజా అనుమాట ఇటలీభాషనుండి వచ్చినది. ప్రభావమని దాని యర్థము. నక్షత్రముల ప్రభావముచే నిది వచ్చునని యచ్చటివారు పూర్వము తలచిరట; మనవారు గ్రహచారమనినట్లే. 1918లో సయితము దీని నిజమైన బీజము వైద్యులకు తెలియదు. 1933లో గాని ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు మనుష్యులకు వచ్చు నీ జ్వరపు వైరసును పట్టుకొనలేదు. ఇది మామూలు పడిశము కాదు. పడిశము మెల్లగా వచ్చును. ముక్కు కారును, తుమ్ములు వచ్చును, పని సాగుచునే యుండును. ఇన్‌ఫ్లుయెంజా పిడుగువలె వచ్చును. ఉదయము ఆడుకొనిన బిడ్డ సాయంకాలమునకు లేవలేడు. చలి, తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఎముకలు విరిచినట్లు నొప్పులు, పొడిదగ్గు, వారము గడచినను వదలని నీరసము. పిల్లలకు కొన్ని వేళల వాంతులు, విరేచనములు కూడ నుండును.

చలిలో తిరిగినందున, చల్లనినీట స్నానము చేసినందున నిది పుట్టదు. వైరసు లేనిచోట ఎంత చలియైనను ఇన్‌ఫ్లుయెంజాను పుట్టింపజాలదు. కాని చల్లని పొడిగాలిలో వైరసు ఎక్కువసేపు బ్రదుకును. మనమును తలుపులు మూసి గుమిగూడుదుము. చలికాలమునకును ఈ జ్వరమునకును గల సంబంధమంతయు నిదియే. మన దేశమున నిది యేటికి రెండుమారులు విజృంభించును: జనవరి మొదలు మార్చి వరకు నొకసారి, వానకాలమునను దాని వెనుకను మరియొకసారి. కనుక చలి పోయినదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

రోగి దగ్గినను, తుమ్మినను, గట్టిగా మాటలాడినను సన్నని తుంపరలు వెడలును. పెద్దవి దగ్గరలో నున్నవారి ముఖముపై పడును. మిక్కిలి సన్ననివి గాలిలో కొంతసేపు తేలును. చేతులవెంట చెంబునకు, తలుపు గొళ్లెమునకు, సెల్‌ఫోనునకు అంటి, అచ్చటినుండి మన చేతికంటి, ఆ చేయి ముక్కునో కంటినో ముట్టినప్పుడు లోనికి పోవును. నున్ననైన గట్టి వస్తువులపై నిది యొకటి రెండు దినములు సయితము నిలువగలదు. సోకిన పిదప ఒకటి మొదలు నాలుగు దినములలో జ్వరము బయటపడును. ఇందులో మోసమేమనగా, జ్వరము కనబడుటకు ఒకదినము ముందునుండియే ఆ మనిషి ఇతరులకు అంటించుచుండును. కనబడిన పిదప అయిదారు దినములు, పిల్లలైనచో ఇంకను ఎక్కువ దినములు అంటించుచుండును.

ఇప్పుడు మన పైటచెంగు సంగతి చెప్పవలసియున్నది. దగ్గువచ్చినచో దానిని నోటికి అడ్డము పెట్టుకొందుము. దానితోనే బిడ్డ ముక్కు తుడుతుము. పొయ్యిమీది వేడిగిన్నె దానితోనే దింపుదుము. కంచము దానితోనే తుడిచి వడ్డింతుము. ఒక్క దినమున అది యెన్ని ముక్కులను, ఎన్ని కంచములను కలుపుచున్నదో యోచింపుడు. రోగి ముక్కు తుడుచుటకు పాతచీర చింపిన గుడ్డపేలికలు వేరుగా నుంచి, వానిని వెంటనే వేడినీళ్లలో సబ్బుతో ఉదుకవలెను. ఉపచారము చేయువేళ ముక్కును నోటిని గట్టిగా కప్పు మాస్కు ధరింపవలెను. 2020లో కరోనా వచ్చినపుడు మనమందరము నేర్చిన విద్యయే యిది. ఆ మాస్కులు ఇంకను మేకుకు వ్రేలాడుచునే యున్నవి. రోగికిని ఒకటి పెట్టుట యింకను మేలు. కాని శ్వాసకు కష్టపడువానికిని, రెండేండ్ల లోపు బిడ్డకును పెట్టరాదు.

చేతులు కడుగుకొను విషయమున ఒక్కమాట. ఈ వైరసునకు పైన క్రొవ్వుతో చేసిన పొర యున్నది. నూనెగిన్నె వట్టినీళ్లకు ఎట్లు వదలదో, సబ్బు తగిలిన వెంటనే యెట్లు వదలునో మనకంటె తెలిసినవారెవరు? ఆ న్యాయమే యిచ్చటను. సబ్బుతో వ్రేళ్లసందులు, గోళ్లు రుద్ది, ఇరువది లెక్కించునంతసేపు కడిగినచో ఆ పొర చిట్లి వైరసు నశించును. రోగిని ముట్టినప్పుడెల్లను, వంటకు పూనుకొనకమునుపును, బిడ్డకు పాలిచ్చుటకు ముందును ఇది చేయవలెను.

ఎంగిలి యను మాట మన పెద్దలు ఊరక పెట్టలేదు. పరుల యెంగిలికి ఆమడదూరము పోవు మనము, బిడ్డ యెంగిలి యనగానే నియమమంతయు మరచిపోదుము. బిడ్డ సగము కొరికిన పండు, సగము త్రాగిన పాలు తల్లి కడుపునకే పోవును. తిండి వృథాచేయరాదను బుద్ధి మంచిదే. అట్లయినచో జ్వరపు బిడ్డకు కొంచెము కొంచెముగా వడ్డింపుడు. మిగిలినదానిని పశువుల కుడితిలో పోయుడు. జ్వరమున్నన్ని దినములు వారికి చెంబు, గ్లాసు, తువ్వాలు వేరుగా నుంచినచో అది ప్రేమ తక్కువగుట కాదు.

ఇక గాలి. మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరము పేరు వినని వారుండరు. 1912లో స్థాపింపబడిన ఆ క్షయవైద్యశాలకు తొలి యధికారిగా డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరుగారు పనిచేసిరి. క్షయకు మందులే లేని ఆ దినములలో వారి చేతనున్న సాధనములు విశ్రాంతి, బలమైన ఆహారము, ఎడతెగక వీచు గాలి. ఆ గాలికొఱకే గదా దూరదేశములనుండి రోగులు ఆ కొండసీమకు వచ్చిరి! అట్టి గాలి వాకిట నుండగా మనము గోనెపట్టలతో దానిని వెలివేయుచున్నాము. క్షయ వేరు, ఇన్‌ఫ్లుయెంజా వేరు. అయినను రెండును ఊపిరివెంట వచ్చునవే, రెండింటికిని మూసిన గది యిష్టమే. మన పాతమిద్దెలకు కప్పున గవాక్షి యుండెడిది. పొగ పోవుటకును, వెలుగు వచ్చుటకును పెట్టిన ఆ కన్నమును వాన పడునని రేకుతో మూసినవారు మూత తీయుట మేలు. రాత్రి అన్ని కిటికీలు తెరువనక్కరలేదు. ఎదురెదురుగా రెండు, నాలుగువ్రేళ్ల వెడల్పున తెరచియుంచి, పండుకొనువారికి కంబళి యొకటి యెక్కువ కప్పినచో చాలును. పగలు ఎండ యెక్కగానే అన్నియు బార్లా తెరువవలెను.

తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పండుకొనుట ఈ సీమలో నున్నది. ఇది జ్వరముకంటె భయంకరము. బొగ్గులనుండి వెడలు విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. పిల్లల కొఱకు గది నిండ పొగ పెట్టుటయు నట్టిదే. సాంబ్రాణి పరిమళము హాయిగా నుండవచ్చును గాని, దగ్గుచున్న ఊపిరితిత్తులకు ఏ పొగయైనను పగయే.

ఇంటిలో నొకరికి జ్వరము వచ్చినపుడు చేయవలసిన పని, నా యభిప్రాయమున, మందుకొఱకు పరుగెత్తుటకంటె ముందు, ఎవరు రోగి దగ్గర నుండవలెనని నిర్ణయించుట. అందరును చుట్టును కూర్చుండి పరామర్శించుట మన మర్యాద. కాని ఈ జ్వరమునకు అంతకంటె కావలసినదేమున్నది? ఆరోగ్యముగానున్న పెద్దవారిలో నొక్కరు ఉపచారమునకు చాలుదురు. గర్భిణి, బాలింత, అయిదేండ్ల లోపు బిడ్డలు, అరువదియైదు దాటినవారు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు గలవారు ఆ గదికి దూరముగా నుండవలెను. మా మేనత్తగారింట మేము చేసినది సరిగా దీనికి విరుద్ధము. ఆరోగ్యముగానున్న పురుషులిద్దరు అరుగుమీద కూర్చుండి టమాటా ధరలు మాటలాడుకొనుచుండగా, గర్భిణి రోగుల నడుమ తిరుగుచుండెను. గర్భమున బిడ్డ పెరుగుకొలది తల్లి గుండెకును ఊపిరితిత్తులకును పని హెచ్చును. రోగము నెదుర్కొను శక్తియు మారును. అందుచే ఇతరులకు మామూలుగా పోవు ఇన్‌ఫ్లుయెంజా గర్భిణికి ప్రమాదమగును.

పథ్యము విషయమున లంఖణము పరమౌషధమను సామెత నెరుగనివారు లేరు. పెద్దలకు ఒకపూట ఆకలి లేనిచో బలవంతపెట్టనక్కర లేదు. కాని పసిబిడ్డలను, గర్భిణులను జ్వరమున పస్తుంచుట తప్పు. జ్వరమువలన ఒంటిలోని నీరు ఇంకిపోవును. రాగిజావ, గంజి, మజ్జిగ, పప్పుకట్టు, ఓ.ఆర్.ఎస్. నీళ్లు, ఏది యిష్టమైన దానిని గంటగంటకు కొంచెముగా నిచ్చుచుండవలెను. మిరియాలచారు గొంతుకు హాయినిచ్చును. వైరసును మాత్రము చంపదు. దగ్గునకు తేనె పెద్దపిల్లలకు మంచిదే కాని, ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయైనను నాకింపరాదు. పాలుత్రాగు బిడ్డ తల్లికి జ్వరము వచ్చినచో పాలు మానిపింతురు, అది పొరపాటు. ఈ జ్వరము పాలవెంట పోదు. పైగా వ్యాధిని ఎదిరించు గుణము పాలవెంట బిడ్డకు చేరును. తల్లి చేతులు కడుగుకొని, మాస్కు కట్టుకొని పాలిచ్చిన చాలును. ఆవిరి పట్టు వేళ మరుగునీటి గిన్నెను పిల్లల దగ్గర పెట్టరాదు. ఒలికి ఒళ్లు కాలుట యెన్నియో యిండ్లలో జరిగినది.

జ్వరము పోవుటకు బిడ్డపై నాలుగు దుప్పట్లు కప్పి చెమట పట్టించు పద్ధతి మానవలెను. ఒంటివేడి బయటికి పోవు దారి దానిచే మూసుకొనును. పలుచని బట్ట చాలును. ప్యారాసిటమాల్ మందు బిడ్డ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన కొలతలో నీయవచ్చును. ఆస్పిరిన్ మాత్ర పిల్లలకు ఈ జ్వరమున ఎన్నడును ఈయరాదు. అది మెదడునకును కాలేయమునకును అరుదైన ఘోరవ్యాధిని తేగలదు. అంగడిలో నడిగి యాంటీబయోటిక్ మాత్రలు మ్రింగుటయు, "ఒక సూది వేయుడు" అని పట్టుబట్టుటయు మన యూళ్ల యలవాటు. ఆ మందులు బాక్టీరియాలను చంపును గాని వైరసులను తాకనైన తాకవు. న్యుమోనియా తోడైనపుడు అవి కావలెను. అది తేల్చవలసినవాడు వైద్యుడు. వైరసుపై పనిచేయు మందు ఒకటి కలదు, ఓసెల్టామివిర్ అని. జ్వరము వచ్చిన రెండుదినముల లోపల ఆరంభించినచో దాని గుణము బాగుగ కనబడును. కావున గర్భిణులకును, ముసలివారికిని, పసివారికిని జ్వరము వచ్చినపుడు "రేపు చూతము" అనక, మొదటిదినముననే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి యడుగవలెను.

చదువుకొన్న ప్రతి తల్లియు నేర్వదగిన చిన్నవిద్య యొకటి యున్నది. బిడ్డ యేడువక నిమ్మళముగా నున్నపుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, ఒక నిమిషములో పొట్ట యెన్నిమారులు లేచునో లెక్కింపుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలలు మొదలు ఏడాది లోపు వానికి 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపు వానికి 40, ఈ సంఖ్యలు గాని అంతకు మించినవి గాని వచ్చినచో అది న్యుమోనియా గుర్తు, తెల్లవారువరకు ఆగరాదు. ఊపిరి పీల్చునపుడు ప్రక్కటెముకల క్రింద గుంట పడుట, పెదవులు నీలబడుట, పాలు త్రాగలేకపోవుట, మూర్ఛ, ఎనిమిది గంటలసేపు మూత్రము పోయకుండుట కూడ అట్టివే. పెద్దలకైనచో ఆయాసము, రొమ్ములో నొప్పి, మాట తడబడుట. వీనికి తోడు, దిగిన జ్వరము ఒకటి రెండు దినములకు మరల లేచుట. ఈ చివరిదానినే మేము గుర్తింపలేకపోతిమి. "జ్వరం దిగిందిలే" అని యందరము సంతోషించి, మరల లేచినపుడు అలసట యనుకొంటిమి.

రాకమునుపే చేయదగినది టీకా. ఈ వైరసు ఏటేట రూపు మార్చుకొనును గనుక టీకాయు నేటేట మార్చవలసివచ్చును. ఏ జాతులు చేర్చవలెనో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏడాదికి రెండుమారులు ప్రకటించును. టీకా వేసిన రెండువారములకు గాని రక్షణ కుదురదు. అది జ్వరమును పూర్తిగా ఆపునని చెప్పరాదు. జాతులు చక్కగా కుదిరిన యేట వైద్యునియొద్దకు పోవలసిన జ్వరములను నూటికి 40 నుండి 60 వరకు తగ్గించును. వచ్చినను ప్రాణభయము తగ్గించును. చంపిన వైరసుతో చేసిన టీకా వలన జ్వరము పుట్టదు. చేయి నొప్పి, ఒకదినము ఒళ్లు వెచ్చబడుట యుండవచ్చును. ఆరుమాసములు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు. ఆ బిడ్డకు రక్షణ యెట్లనగా, గర్భముతో నున్నపుడు తల్లి వేయించుకొనిన టీకా గుణము బిడ్డకును పోవును; ఒక సూదితో ఇరువురికి మేలు. ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా వేయు టీకాల పట్టికలో ఇది లేదు. వెల పెట్టి వేయించుకొనవలసినదే. అందరికిని డబ్బు చాలని యింట ఎవరికి ముందు వేయింపవలెనని నన్నడిగినచో, గర్భిణికి, ముసలివారికి, పిదప రోగులకు ఉపచారము చేయు నామెకు అని చెప్పెదను. సాధారణముగా మన యిండ్లలో ఈ వరుస తలక్రిందుగా నుండును.

పండుగలు, పెండ్లిండ్లు మానుమని చెప్పుటకు నాకు నోరు రాదు. అయినను 1918 సెప్టెంబరు 28వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, జ్వరము ఊరిలో నున్నదని తెలిసియు, యుద్ధనిధికొఱకు ఉత్సవము జరుపగా రెండులక్షల జనము వీధులలో గుమిగూడిరి. కొలది దినములలో ఆ నగరపు ఆసుపత్రులలో చోటు లేకపోయెను. జ్వరమున్న బిడ్డను ఎత్తుకొని పెండ్లికి పోకుండుట, జ్వరము వదలి ఒకదినము గడచువరకు బడికి పంపకుండుట, ఈ రెండు చేసిన చాలును, పేరంటములకు అడ్డులేదు. మన దేశమున 2009లో పందిజ్వరమని పిలువబడిన కొత్త ఇన్‌ఫ్లుయెంజా మొదట హైదరాబాదున దిగిన యొక ప్రయాణికునిలో బయటపడెను. అది యిప్పుడు ఏటేట వచ్చు మామూలు జ్వరములలో నొకటియై మన నడుమనే తిరుగుచున్నది.

మొన్న కార్తికమాసమున మా మేనత్తగారు, కోడలు, ఇరువురును మదనపల్లెకు పోయి టీకా వేయించుకొని వచ్చిరి. నడవలో రెండవ కిటికీకి కొట్టిన మేకులు ఊడదీసిరి. మా మామగారు మొదట గొణిగిరట గాని, ఇప్పుడు పగటివేళ ఆ కిటికీప్రక్కనే మంచము వేయించుకొని పేపరు చదువుచున్నారట. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు వేరొకటి. కోడలికి జ్వరము వచ్చినచో పొయ్యి ముట్టించువారెవరను ప్రశ్నకు జవాబు దొరకినది. మా బావ సంకటి కెలకుట నేర్చుకొన్నాడు. మొదటిదినము ఉండలు కట్టి, అడుగంటి, వాసన వచ్చినదట. "అబ్బా, మాడిపాయ" అని పిల్లలు ముఖము చిట్లించిరట. వారమునకు రెండుదినములు అతడే వండవలెనని మా మేనత్తగారు ఉత్తరువు చేసినారు. మూడవవారమునకు ఉండలు తగ్గినవని కోడలు ఫోనులో చెప్పి నవ్వినది.